గుండు మీద గంధం

మా తమ్మునికి ఆ మాట నేర్పించింది నేనే. ముందరే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ నన్ను మంచిదాన్ని అనుకోవద్దు.

"చెప్పు నాయనా. ఆ దినం నేను..."

"ఆ దినం నేను," అంటాడు మునిశేఖరు.

"ఊ. హెల్మెట్..."

"హెల్..." అని ఆగిపోతాడు. నోరు తెరుచుకొని నా మొగమే చూస్తా ఉంటాడు. ముప్పై ఆరేండ్ల మనిషి. మామిడికాయల పల్పు ఫ్యాక్టరీలో బాయిలర్ కాడ నిలబడి పదిమందిని అరిచి పని చేయించినోడు. ఇప్పుడు ఒక్క మాట నోట్లో నుంచి బయటికి రావాలంటే మెడ నరాలు ఉబ్బుతాయి.

నేను మనసులో పది దాకా లెక్కపెడతాను. వానికి మాట నేర్పించే గ్రేసీ మిస్సు అట్ల చెప్పింది. వాడు ఆగితే వెంటనే అందించకూడదంట, పది లెక్కపెట్టినాకే అందించాలంట. వాని మాట ఇంకొకరు లాక్కొని చెప్పేస్తే వానికి మండిపోతాది. ఒకసారి అట్ల చేసినందుకు కాఫీ గ్లాసు తీసి గోడకు కొట్టినాడు.

"హెల్మెట్ పెట్టుకోలేదు," అని అందిస్తాను.

"పెట్టుకోలేదు," అంటాడు. అని నవ్వుతాడు. "అది నా తప్పు."

ఈ చివరి మాట మాత్రం వానికి ఎప్పుడూ తడబడదు. రెండేండ్లుగా పెండ్లాం ప్రసన్నకు చెప్పి చెప్పి బాగా అలవాటైపోయింది.

నా పేరు దేవకమ్మ. బంగారుపాళ్యం బస్టాండు ఎదురుగా టిఫిను అంగడి నాది. నా దోసెలకు మదరాసు, బెంగుళూరు లారీలోళ్లు బండ్లు ఆపుతారు, నా నోటికి కూడా ఆపుతారు. ఎవురినీ లెక్కచేసేదాన్ని కాదు. మొగుడు పొయ్యి పదేండ్లు, బిడ్డలు లేరు, ఉండేది ఈ తమ్ముడొక్కడే. మా అమ్మ పోయేటప్పటికి వానికి ఏడేండ్లు. నా చేత్తోనే పెంచినాను. వాని ఇల్లు, నా ఇల్లు ఒకే వాకిలి.

వాడు ఇట్లయింది రెండేండ్ల కిందట, జూన్ నెలలో. అంతకు ముందు ఏడు వానికి కామెర్లు ముదిరి మంచం పట్టినాడు. వాడు లేచి తిరిగితే కొండకు తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానని నేను మొక్కుకున్నాను. మొక్కు వాంది కాదు, నాది. తల మాత్రం వాంది.

ఫ్యాక్టరీలో సీజను పని వదిలిపెట్టి రానంటే, "దేవునికి బాకీ పెట్టుకుంటావా?" అని కసిరి తీసుకొనిపోయినాను. గుండు చేయించుకున్నాడు. నేనే గంధం కొని, వాని తలకు నిండుగా పట్టించినాను. వెనక చెవుల దాకా పూసినాను. దర్శనం బాగా అయింది. కొండ దిగి బస్సెక్కి చిత్తూరుకు వచ్చినాము. బస్టాండు పక్కన బండ్లు పెట్టే స్టాండులో వాని మోటరుసైకిలు ఉన్నింది.

వాడు హెల్మెట్ తీసి తలకు పెట్టుకున్నాడు. కాదు, పెట్టుకోబొయ్యినాడు. తలకింకా తగల్లేదు.

"ఒరే! గంధం రా!" అన్నాను నేను.

"ఏందక్కా?"

"స్వామి గంధం. ఆ చెమట కంపు డొక్కును దీని మీద పెడతావా? ఇంటికి పొయ్యి దేవుని పటం ముందర దండం పెట్టుకునేదాకా చెరపకూడదు."

"అక్కా, హైవే. ప్రసన్నకు తెలిస్తే చంపుతాది."

"దేవుని దగ్గర్నించి వస్తాండాము, దారిలో దేవుడు చూసుకోడా? తియ్ రా!"

తీసినాడు. నా మాట వాడు ఎప్పుడూ దాటలేదు. హెల్మెట్ నా చేతికిచ్చినాడు. నేను దాన్ని, లడ్డూల సంచిని ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చున్నాను.

ఇది ఏ శాస్త్రంలో ఉండాదని అడగొద్దు. యాడా లేదు. మా అమ్మ గుండు మీద నీళ్లు కూడా పోసుకోనిచ్చేది కాదు, నేను దాన్ని ఇంత దూరం సాగదీసినాను. ఊరు దాటినాక పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టినాడు. వాని గుండు, గంధం చూసి, "కొండ నుంచా? సరే, గోవిందా అనుకొని నిదానంగా పోండి," అని వదిలేసినాడు. నేను వెనక నుంచి తమ్మున్ని పొడిచినాను కూడా, చూసినావా అని. ఆ పొడిచింది తలుచుకుంటే ఇప్పటికీ ఆ వేలు నరికేసుకుందామనిపిస్తాది.

బంగారుపాళ్యం ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉండాదనంగా ముందర పోతాండే ట్రాక్టరు గుంతలో ఎగిరింది. ట్రైలరు నిండా తోతాపురి మామిడికాయలు. పది ఇరవై కాయలు రోడ్డు మీద పడి దొర్లినాయి. బండి వాటి మీదకెక్కి జారిపొయ్యింది. వాడు పొయ్యి రోడ్డు మధ్య సిమెంటు గట్టుకు తగులుకున్నాడు. నేను బోర్లా పడినాను. ఒళ్లో హెల్మెట్ నాకు, రోడ్డుకు మధ్యన అడ్డం పడింది. నాకు మోకాలు చీరుకుపొయ్యింది, అంతే. వానికి కొనిచ్చిన హెల్మెట్ నన్ను కాపాడింది.

చిత్తూరు ఆసుపత్రి వరండాలో వాని పెండ్లాం ప్రసన్నకుమారి పరుగెత్తుకొని వచ్చింది. అదే ఫ్యాక్టరీలో కాయలు ఏరే పని చేస్తాది. ఒంటి మీద మామిడిరసం మరకలు, చేతికి గ్లవుజు కూడా తియ్యలేదు. నన్ను ఏమీ అడగలేదు, నీకు దెబ్బ తగిలిందా అని కూడా. ఒక్కటే అడిగింది.

"హెల్మెట్ ఏమాయ వదినా?"

ఆ హెల్మెట్ ఆ పాప సీజను ఓవర్‌టైం చేసి కొనిచ్చింది. మొగునికి రోజూ తనే తలకు పెట్టి, పట్టీ బిగించి పంపేది. ఆ మాట అడిగేటప్పుడు దాని కండ్లు చూసినాను. నాకు భయమైంది. ఏ దేవునికీ అంత భయపడలేదు.

"నేను చెప్తానే ఉన్నాను ప్రసన్నా," అన్నాను. "వాడు వినలేదు."

అంతే. ఒకే ఒక మాట. పోలీసోళ్లు కాగితాల్లో రాసుకుంది కూడా అదే.

చిత్తూరులో కాదని వేలూరుకు తీసుకపొయ్యినారు. నలభై దినాల తర్వాత వాడు కండ్లు తెరిచినాడు. నేను చేసింది ఒక్కటీ వానికి జ్ఞాపకం లేదు. గుండు, గంధం, కొండ, ఏమీ లేదు. డాక్టరు ఆ దినం ఇంక ఎప్పటికీ గుర్తు రాదన్నాడు. ఆ మాట విని మా ప్రసన్న ఏడ్చింది. నేనూ ఏడ్చినాను. లోపల ఒక మూల నాకు నిమ్మళం అనిపించింది. ఇంతకన్నా పాపిష్టి దాన్ని ఎవురన్నా చూసినారా?

ఇంటికొచ్చినాక ప్రసన్న ఆ హెల్మెట్ను వాని మంచానికి ఎదురుగా మేకుకు తగిలించింది. రోడ్డుకు గీసుకున్న గీతలు తప్ప ఏమీ కాలేదు దానికి. వాడు ఏదన్నా మర్చిపోతే, అన్నం కిందబోసుకుంటే, ఊరికే కోపం తెచ్చుకొని అరిస్తే, ఆ పాప చెయ్యి ఎత్తి దాన్ని చూపించేది.

"అదో, చూడు! ఆ రెండు కిలోల బరువు మోసుంటే ఈ పొద్దు నేను నిన్ను మోసే పని లేకపోను గదా! ఎవురి మీద పంతం? నా మీదనా? వదిన బతిమాలతా ఉంటే కూడా వినలేదే!"

"తప్పు చేసినా ప్రసన్నా," అంటాడు వాడు. నిజంగా తప్పు చేసినోని మాదిరే తల వంచుకొని అంటాడు. నేను పక్కింట్లో పిండి రుబ్బతా ఆ మాట వింటాను. గ్రైండరు శబ్దం చాలదు దానికి.

మీరు నన్ను అడగొచ్చు, ఆ పొద్దే చెప్పొచ్చు గదా అని. చెప్దామనే అనుకున్నాను. ప్రతి శుక్రవారం అనుకున్నాను. కొంచెం కోలుకోనీ అనుకున్నాను, సీజను అయిపోనీ అనుకున్నాను. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని నేను. ఊర్లో ఎవురింట్లో ఏం జరిగినా పొద్దున మొదటి దోసెతోనే చెప్పేస్తాను. ఈ ఒక్క మాట మాత్రం రెండేండ్లు నానింది.

ఈ మే నెలలో ప్రసన్న నాతో చెప్పింది. "వదినా, నేను సూళ్లూరుపేటకు పోతాండాను. మా చిన్నమ్మ కూతురు ఆడ కంపెనీలో ఉండాది, నాకూ పని ఇప్పిస్తానంది. నెలనెలా డబ్బులు పంపిస్తాను. నువ్వే పెంచినావు, నువ్వే చూసుకో. నాకింక శక్తి లేదు."

"మొగున్ని వదిలేస్తావా?" అన్నాను నేను, పెద్ద న్యాయం తెలిసినదాని మాదిరి.

"నేను చెప్పింది విని ఇట్ల అయ్యుంటే జీవితాంతం మోసేదాన్ని వదినా. వినకుండా అయినాడు. ఆ కోపం నాకు దిగడం లేదు. దిగకుండా ఆయనకు అన్నం పెడతాంటే ఆ అన్నం ఆయనకు మంచిది కాదు." ఆ పాప ఏడ్చుకుంటా చెప్పింది. "గ్రేసీ మిస్సు పెట్టే ప్రోగ్రాం దాకా ఉంటాను. ఆయన మాట్లాడేది విని పోతాను."

ఆ ప్రోగ్రాం సంగతి చెప్పాల.

గ్రేసీ చిత్తూరు పిల్ల. తలకు దెబ్బ తగిలి మాట పోయినోళ్లకు మాట నేర్పించే చదువు చదివింది. వారానికి రెండు దినాలు స్కూటీ మీద మా మండలానికి వస్తాది. మా చుట్టుపక్కల అట్ల ఇండ్లలో పడి ఉండేవాళ్లు పద్నాలుగు మంది అని ఆ పిల్ల చెప్తేనే మాకు తెలిసింది. ఒకాయన కొబ్బరిచెట్టు మీద నుంచి పడినాడు. ఒకామెకు ఫ్యాక్టరీలో ట్రేలు తల మీద పడినాయి. మిగతావాళ్లందరూ బండ్ల మీద నుంచి పడినోళ్లే. వీళ్లందరికీ ఊర్లోనే ఒక గది, నడిపించే కడ్డీలు, మాట నేర్పించే సామాను ఉండాలని, దానికి ఒక ఆదివారం అందర్నీ పిలిచి చందాలు అడగాలని ఆ పిల్ల పట్టుబట్టింది.

"డబ్బుల కన్నా ముందు జనానికి తెలియాల దేవకమ్మక్కా," అనింది నా అంగడిలో కూర్చొని. "కాలు విరిగితే కట్టు కనపడతాది, అయ్యో అంటారు. మెదడుకు దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనపడదు. తూలతాంటే తాగినాడంటారు, మర్చిపోతాంటే వేషాలంటారు, అరిస్తే పిచ్చంటారు."

అది నిజం. మా వాన్ని బస్టాండులో ఒక కండక్టరు తాగుబోతని కిందకు దించేసినాడు. నేను అట్లకాడ పట్టుకొని ఆ బస్సు వెంట పడినాను.

రిటైరయిన హెడ్మాస్టరు యోగానంద సారు పెద్దమనిషిగా నిలబడినాడు. కళ్యాణమండపం ఊరికే ఇప్పించినాడు. మండీలోళ్లు ఒక బుట్ట మంచి ఇమాంపసందు మామిడికాయలు ఇస్తామన్నారు, వేలం పాడేకి. టిఫిన్లు నావి. దోసెకు రేటు లేదు, తిన్నోళ్లు ఎంత ఇష్టమైతే అంత వేసి పోవాల. హుండీలు కాకుండా హెల్మెట్లు తిరగేసి పెట్టి, వాటిల్లో వేయించుకుందామని గ్రేసీ అనింది. అందరూ భలే భలే అన్నారు. నా చేతిలో గరిటె జారి పిండిలో పడింది.

"మునిశేఖర్ అన్న మాట్లాడతాడు," అనింది గ్రేసీ. "అయిదు ముక్కలు. నెల రోజుల్లో నేర్చుకుంటాడు. మీరు రోజూ చెప్పించండక్కా, మీ దగ్గరైతే అన్నకు బెదురు లేదు."

రాసిచ్చింది. నా పేరు మునిశేఖర్. మాది బంగారుపాళ్యం. ఆ దినం నేను హెల్మెట్ పెట్టుకోలేదు. అది నా తప్పు. మీరు పెట్టుకోండి.

నేను నెల దినాలు చెప్పించినాను. పొద్దున అంగడి సర్దుకున్నాక ఒక గంట, సందకాడ ఒక గంట. నా తప్పును నా తమ్ముని నోటికి ముద్దలు ముద్దలుగా తినిపించినాను. చిన్నప్పుడు వానికి అన్నం తినిపించింది కూడా ఈ చెయ్యే.

రెండో వారంలో ఓర్చుకోలేక గ్రేసీని పట్టుకున్నాను. "అమ్మాయ్, ఆ నాలుగో మాట తీసేస్తే కాదా?"

"యాల తియ్యాలక్కా? ఆ మాట ఉంటేనే జనానికి తగులుతాది. తప్పు ఒప్పుకునే మనిషిని జనం నమ్ముతారు."

"ఆ మాట కాదు గానీ..." అన్నాను. ఆ పిల్ల వింటానే ఉండాది. ఎవరూ అడ్డం రాలేదు, ఫోను మోగలేదు. చెప్పేకి అంత మంచి సమయం మళ్లీ రాదు. "వానికి కష్టమయితాది, ఇంకేం లేదు," అన్నాను. ఛీ, నా బతుకు!

మా వాడే ఒప్పుకోలేదు. "లేదు. అయిదు," అని చేతి వేళ్లు చూపించినాడు. "నేను అయిదు చెప్తా. ప్రసన్న వింటాది." వాని ఆశంతా అదే. అయిదు మాటలు తడబడకుండా చెప్తే పెండ్లానికి కోపం పోతాదని, సూళ్లూరుపేటకు పోదని.

ఆ ఆదివారం రానే వచ్చింది. పొద్దున ఏడు గంటలకు బస్టాండు నుంచి నడక మొదలైంది. తలకు దెబ్బ తగిలినోళ్లు ముందర, నడవలేనోళ్లు చక్రాల కుర్చీల్లో, వెనక ఊరంతా. యోగానంద సారు ఆటోలో మైకు పట్టుకొని, "హెల్మెట్ లేకుండా ఇంటి నుంచి పంపించేది ఇంట్లోవాళ్ల తప్పు కూడా!" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను వెనక్కి తిరిగి చూసినాను. ఎవరూ నన్ను చూడలేదు.

మండపంలో మూడు పెనాలు పెట్టి దోసెలు పోసినాను. జనం బాగా వచ్చినారు. చిత్తూరు నుంచి ఎవరో డాక్టరమ్మ వచ్చి, దెబ్బ తగిలిన మొదటి గంటలో ఏం చెయ్యాలో చెప్పింది. ఇమాంపసందు బుట్ట వేలంలో మంచి ధర పలికింది. అన్నీ బాగానే జరుగుతాండాయి. అప్పుడు ప్రసన్న ఇంటి నుంచి ఆ హెల్మెట్ తెచ్చి స్టేజీ మీద మైకు కాడ తిరగేసి పెట్టింది. మేకు మీద ఉండేదాన్ని తెచ్చింది. పెట్టి, పొయ్యి ముందర వరసలో కూర్చుంది. కాళ్ల కాడ దాని ప్రయాణం సంచి. మధ్యాన్నం బస్సుకే పోవాలని సర్దుకొని వచ్చింది.

నేను పెనం మీద దోసె వదిలేసి స్టేజీ పక్కకు పొయ్యి నిలబడినాను.

మునిశేఖరు ఇస్త్రీ చొక్కా వేసుకొని మైకు కాడికి నడిచినాడు. తూలినాడు, నిలదొక్కుకున్నాడు.

"నా పేరు మునిశేఖర్. మాది బంగారుపాళ్యం."

చప్పట్లు కొట్టినారు. వాడు నవ్వినాడు.

"ఆ దినం నేను... హెల్..."

ఆగిపొయ్యినాడు. నోరు తెరుచుకొనే ఉండాది. మెడ నరాలు ఉబ్బినాయి. ప్రసన్న వైపు చూసినాడు, ఆ పాప తల దించుకుంది. అప్పుడు నా వైపు తిరిగినాడు, రోజూ చూసినట్టే, అందిస్తాదిలే అనే నమ్మకంతో. నేను లెక్కపెట్టినాను. ఒకటి, రెండు, మూడు. ప్రసన్న కాళ్ల కాడ సంచి కనపడింది. ఏడు. ఎనిమిది. పది అయిపొయ్యింది. నా నోటికి ఆ మాట రాలేదు. అందిస్తే మా తమ్ముడు చెప్పేస్తాడు, ఆ పాప లేచి బస్సెక్కి పోతాది, ఇంక ఆ అబద్ధం నాతో పాటు కాటికే.

స్టేజీ ఎక్కినాను. చేతులకు పిండి. మైకు లాక్కున్నాను.

"అందరూ వినండప్పా. వాడు హెల్మెట్ పెట్టుకోబొయ్యినాడు. నేనే తీపించినాను. కొండ నుంచి వస్తాండాము, గుండు మీద గంధం ఉండాది, చెరిగిపోతాదని తియ్ రా అన్నాను. వాడు భయపడినాడు, ప్రసన్న తిడతాదన్నాడు. అయినా నా మాట విన్నాడు. వాడు ఎవురి మాటా వినకపోవడం కాదు, నా మాట విని ఇట్లయినాడు. ఆసుపత్రిలో ప్రసన్న అడిగితే అబద్ధం చెప్పినాను. రెండేండ్లుగా వాడు నా తప్పుకు తిట్లు తింటాండాడు. ఇదీ నిజం."

పక్క నుంచి నా చేతి మీద పెద్ద దెబ్బ పడింది.

"నా వంతు!" అని అరిచినాడు మా తమ్ముడు. మొగం ఎర్రగా అయిపొయ్యింది. "ఇది నా వంతు! నువ్వు యాల చెప్తావు? నేను... నేను నేర్చుకున్నా!"

మైకు పీక్కున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆ కోపంలో వాని నాలిక ఎట్ల తిరిగిందో ఆ దేవునికే తెలియాల.

"నా పేరు మునిశేఖర్. మాది బంగారుపాళ్యం. ఆ దినం నేను హెల్మెట్ పెట్టుకోలేదు. అది నా తప్పు. మీరు పెట్టుకోండి."

ఒక్క చోట కూడా ఆగలేదు. రెండేండ్లలో మొదటిసారి.

మండపం లేచి నిలబడింది. చప్పట్లు, ఈలలు. ఆడోళ్లు కొంగులతో కండ్లు తుడుచుకున్నారు. గ్రేసీ ఎగిరి గంతేసింది. యోగానంద సారు మైకందుకొని, "చూసినారా తల్లి లాంటి అక్కను! తమ్మున్ని ఒక్క మాట పడనియ్యకుండా తప్పంతా తన నెత్తినేసుకుంటాంది. ఇదీ ప్రేమంటే!" అన్నాడు. దానికింకా చప్పట్లు కొట్టినారు. ఎవడో వచ్చి నాకు శాలువా కప్పినాడు. కాదు సారూ, నేను చెప్పింది నిజం అంటే, "తెలుసు తెలుసు దేవకమ్మా," అని నా భుజం తట్టినాడు. జనం వరసగా వచ్చి ఆ హెల్మెట్లో నోట్లు వేసిపోతాండారు.

మా వాడు కోపం అప్పుడే మర్చిపొయ్యినాడు. నా చెయ్యి పట్టుకొని, "బాగా చెప్పినానా అక్కా?" అన్నాడు.

"బాగా చెప్పినావు నాయనా," అన్నాను. ఇంకేం చెప్పేది?

నన్ను నమ్మింది ఒక్కతే. జనమంతా పోయినాక పెనాలు తోముకుంటా వెనక వాకిట్లో కూర్చొని ఉంటే ప్రసన్న వచ్చి నా ముందర నిలబడింది. సంచి చేతిలోనే ఉండాది. బస్సు పొయ్యి గంటయింది.

"ఆ దినం ఆసుపత్రిలో ఆయన తల చూసినాను వదినా," అనింది నిదానంగా. "ఒక పక్కంతా రక్తం. ఇంకో పక్క గంధం ఆరి, అట్లే ఉండాది. ఒక్క చోట కూడా చెరగలేదు. నీ వేళ్ల గుర్తులు కూడా ఉన్నాయి. నేనే తడిబట్టతో తుడిచినాను. తుడిచి కూడా, దీని కోసమే హెల్మెట్ తీసుంటాడని నాకు తట్టలేదు."

నేను దాని కాళ్లు పట్టుకోబొయ్యినాను. వెనక్కి జరిగింది.

"వద్దు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాల. నాకు చేతకాదు." సంచి ఇంకో చేతికి మార్చుకొని, "గంధం పిచ్చితో తియ్యమన్నావు, అది క్షమించేస్తాను. మా అమ్మ ఉన్నా అట్లే అనేది. వరండాలో చెప్పినావే, అది నా వల్ల కాదు," అనింది. "రెండేండ్లు తిట్టినాను వదినా. పొద్దున లేస్తే తిట్టినాను. ఆయన తల వంచుకొని తప్పు చేసినా అనేవాడు. ఆ తిట్లన్నీ ఇప్పుడు యాడ పెట్టేది? నువ్వే చెప్పు."

ఆ పాప సంచి తీసుకొని ఇంటికి పొయ్యింది, సూళ్లూరుపేటకు కాదు. ఆ సందకాడ మేకు పీకేసిన శబ్దం విన్నాను.

ఇది జరిగి మూడు నెలలు. గది తెరిచినారు, కడ్డీలు వచ్చినాయి. ప్రసన్న ఫ్యాక్టరీ నుంచి రాంగానే మొగుని పక్కన కూర్చొని అన్నం కలిపి పెడతాది. ఒక్క మాట కసరదు. నాతో మాట్లాడదు. వాకిలి ఒకటే, ఎదురుపడితే తల తిప్పుకొని పోతాది. ఊర్లో మాత్రం నన్ను దేవత అంటాండారు. అంగడికి వచ్చినోళ్లు నా కాళ్లకు దండం పెట్టి పోతాంటే, ఆ పెనం మీద కూర్చోవాలనిపిస్తాది.

రోజూ పొద్దున ఆ గదికి పొయ్యి మా తమ్ముని ఎదురుగా కూర్చుంటాను. కొత్త మాట నేర్పించాలని. నెల దినాల్లో తప్పు నేర్పించినదాన్ని, దాన్ని మాన్పించలేనా అనుకున్నాను.

"చెప్పు నాయనా. ఆ దినం మా అక్క..."

"ఆ దినం మా అక్క," అంటాడు.

"హెల్మెట్ తీపించింది."

వాడు ఆగిపోతాడు. నా మొగం చూస్తాడు. నేను పది లెక్కపెడతాను. పొద్దున ఏం తిన్నాడో మర్చిపోతాడు, నా అంగడి దారి మర్చిపోతాడు. ఈ ఒక్కటి మాత్రం మర్చిపోడు.

"కాదక్కా," అన్నాడు నిన్న. కోపం లేదు, జాలిగా అన్నాడు. "నువ్వు తప్పు చెప్తాండావు. మిస్సు చెప్పింది అది కాదు." అని, నాకు రాదేమోనని నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పు. ఆ దినం నేను..."

వాడు వేళ్లు మడుచుకుంటా పది దాకా లెక్కపెట్టినాడు. లెక్కపెట్టి, నాకు అందించినాడు.

"హెల్మెట్ పెట్టుకోలేదు. అది నా తప్పు."